షాపులో అచ్చం కలిసిన చీర, బ్లౌజ్ ఎండలో ఎందుకు విడిపోయాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పెళ్లికి వంకాయ రంగు పట్టుచీర కొన్నారు. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి, అక్కడి లైట్ల కింద పక్కపక్కన పెట్టి చూసుకుని, అచ్చం కలిసిన బ్లౌజ్ పీస్ తెచ్చుకున్నారు. మర్నాడు డాబా మీద ఎండలో చూస్తే చీర నీలం వైపు, బ్లౌజ్ ఎరుపు వైపు పోయాయి. షాపువాళ్లు ముక్క మార్చేశారా, మీ కంట్లోనే ఏదైనా లోపమా, అసలు ఈ రెండింట్లో నిజమైన రంగు ఏది అని అడిగారు. మీ ఆయనకి మాత్రం ఎండలో కూడా తేడా కనిపించలేదట.

నేను అద్దకం మిల్లులో, షేడ్ మ్యాచింగ్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ పంచాయితీ మాకు రోజూ ఉండేదే. షాపువాళ్లు మోసం చేశారని నేననుకోను. మీ కళ్లూ బాగానే ఉన్నాయి, బాగున్నాయి కాబట్టే తేడా పట్టుకున్నాయి. మూడో ప్రశ్నకి మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే మనమంతా అనుకున్నట్టు రంగు బట్టలో ఉండదు.

ముందు వెలుగు సంగతి. సూర్యుడి నుంచి వచ్చే తరంగాల్లో పొడవు దాదాపు 380 నుంచి 740 నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటర్) మధ్య ఉన్న సన్నటి పట్టీ మాత్రమే మన కంటికి ఆనుతుంది. చిన్న తరంగాల వైపు ఊదా, నీలం, నడుమ ఆకుపచ్చ, పసుపు, పెద్ద తరంగాల వైపు ఎరుపు. 1666 ప్రాంతంలో న్యూటన్ గది చీకటి చేసి, సన్నటి కన్నంలోంచి వచ్చిన ఎండని పట్టకం గుండా పోనిచ్చి దీన్ని విడదీశాడని అందరం చదువుకున్నాం. ఆయనే 1704లో అచ్చయిన ‘ఆప్టిక్స్’లో, అసలు కిరణాలకు రంగు లేదని, చూసేవాడిలో ఫలానా రంగు అనే అనుభూతిని పుట్టించే గుణం మాత్రమే వాటికి ఉందని కూడా రాశాడు. ఇది స్కూల్లో చెప్పరు. మీ చీర సమస్య అంతా ఈ మాటలోనే ఉంది.

మరి బట్టలో ఉండేది ఏమిటి? మా ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్ అనే మిషన్ ఉంటుంది. బట్ట ముక్కని నాలుగు మడతలు వేసి దాని కన్నానికి ఆనించి బటన్ నొక్కితే, 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ప్రతి 10కి ఒకసారి, పడిన వెలుగులో ఎంత శాతం వెనక్కి వచ్చిందో చెబుతుంది. మొత్తం 31 అంకెలు. వాటిని గీతగా గీస్తే వంకాయ రంగు గుడ్డకి నీలం కొసన చిన్న గుట్ట, నడుమ ఆకుపచ్చ దగ్గర లోయ, ఎరుపు కొసకి వెళ్లేసరికి మళ్లీ ఎత్తు కనిపిస్తాయి. బట్ట సొంతం అనదగ్గది ఆ గీత ఒక్కటే. లైటు మారినా, చూసే మనిషి మారినా అది మారదు.

కన్ను మాత్రం 31 అంకెలు చదవదు. దానికి వచ్చేది మూడే. రెటీనాలో పగటి చూపుకి, రంగుకి పనికొచ్చే కోన్ కణాలు దాదాపు 60 లక్షలు ఉంటాయి. అవి మూడు రకాలు: ఒక రకం సుమారు 420 నానోమీటర్ల దగ్గర, రెండోది 530 దగ్గర, మూడోది 560 దగ్గర బాగా స్పందిస్తాయి. వీటిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు కోన్లు అని పిలవడం అలవాటైపోయింది కానీ, ఆ ‘ఎరుపు’ కోన్ శిఖరం నిజానికి ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు దగ్గర ఉంటుంది. రెండో రకం, మూడో రకం పరిధులు చాలావరకు ఒకదానిమీద ఒకటి పడతాయి కూడా. మనం ఎరుపుగా చూసేది మూడో రకం గట్టిగా, రెండో రకం నీరసంగా స్పందించినప్పుడు. ఇంత చిన్న తేడా మీద ఇంత పెద్ద రంగుల ప్రపంచం నడుస్తోంది. రాడ్లు అనే మరో రకం కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి గానీ అవి మసక వెలుతురులో చూపు కోసం, రంగుతో వాటికి పెద్దగా పనిలేదు.

ఇక్కడ గమనించాల్సింది, ఒక కోన్ తన మీద పడిన వెలుగు ఏ తరంగమో చెప్పలేదు, ఎంత అందిందో మొత్తం మాత్రమే చెబుతుంది. కిరాణా కొట్టు చీటీలో అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూపించి, సరుకులేం కొన్నారో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు కదా, అలాంటిదే. కందిపప్పు ఎక్కువ, నూనె తక్కువ కొన్నా అదే మొత్తం రావచ్చు, అటుదిటైనా అదే రావచ్చు. కన్ను అలాంటి మూడు మొత్తాలు పంపిస్తుంది, వాటిని ఒకదానితో ఒకటి పోల్చుకుని మెదడు రంగు అని తేలుస్తుంది. రంగు చూపుకి మూడు రకాల గ్రాహకాలు చాలని 1802లోనే థామస్ యంగ్ ఊహించాడు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు.

దీన్ని మీ చేతిలోనే చూడొచ్చు. ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి, స్క్రీన్ మీద చిన్న నీటి చుక్క వేయండి. చుక్క భూతద్దంలా పనిచేసి లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి, తెలుపు ఎక్కడా ఉండదు. అలాగే పసుపు రంగు బొమ్మ పెడితే నీలం చుక్కలు ఆరిపోయి ఎరుపు, ఆకుపచ్చ మాత్రం వెలుగుతాయి. అంటే ఆ తెర నుంచి అసలైన పసుపు తరంగం, 580 దరిదాపుల్లోది, దాదాపు రావడమే లేదు. అయినా పసుపు కొమ్ము పక్కన పెడితే రెండూ పసుపే అంటాం. తెర, కొమ్ము వేర్వేరు సరుకులు పంపినా కోన్ల దగ్గర మొత్తం ఒకటే అయింది.

మీ చీరకీ బ్లౌజుకీ జరిగింది ఇదే. రెండు గుడ్డల 31 అంకెల గీతలు వేరు. షాపు లైటు కింద మాత్రం మూడు మొత్తాలూ యాదృచ్ఛికంగా కలిశాయి. లైటు మారగానే లెక్క మారింది, మొత్తాలు విడిపోయాయి. దీన్ని మేం మెటామెరిజం అంటాం. అద్దకంలో ఉన్నవాళ్లకి ఈ పేరు వింటేనే టెన్షన్.

లైట్ల మధ్య తేడా ఎంతో తెలియాలంటే పాత సీడీ ఒకటి తీసి, దాని మెరిసే వైపు బల్బు ప్రతిబింబం పడేలా పక్కకి వాల్చి చూడండి. సీడీ మీది గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లే కాబట్టి అది పట్టకం పని చేసేస్తుంది. పాత ఫిలమెంట్ బల్బు అయితే ఊదా నుంచి ఎరుపు దాకా తెగకుండా ఒకే పట్టీ వస్తుంది, ఎరుపు దండిగా, నీలం నీరసంగా. సీఎఫ్‌ఎల్ బల్బుకి పట్టీ ఉండదు, విడివిడి ముక్కలుగా నీలం, ఆకుపచ్చ, ఎరుపు బొమ్మలు కనిపిస్తాయి. తెల్ల ఎల్‌ఈడీ అయితే నీలం గట్టిగా, తర్వాత చిన్న చీకటి గండి, ఆ పైన ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా వెడల్పు పట్టీ. ఎందుకంటే ఎల్‌ఈడీ బల్బులో ఉండేది నీలం చిప్ మాత్రమే, దాదాపు 450 నానోమీటర్లది. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత మింగి మిగతా రంగులు వెళ్లగక్కుతుంది. (ఆ నీలం ఎల్‌ఈడీ చేసినందుకే అకసాకి, అమనో, నకమురలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.) ఎండని నేరుగా సీడీలోకి చూడకండి, కళ్లు దెబ్బతింటాయి, తెల్ల గోడ మీదికి పడేలా తిప్పి చూడండి.

ఇప్పుడు వంకాయ రంగుకే ఎందుకు ఇంత ఇబ్బంది అంటే, ఎరుపు కలిసిన ఊదాకి ఇంద్రధనుస్సులో చోటు లేదు. ఏ ఒక్క తరంగంతోనూ అది రాదు. నీలం కొస, ఎరుపు కొస రెండూ అంది, నడుమ ఆకుపచ్చ లోపిస్తేనే మెదడు ఆ రంగు చూపిస్తుంది. సరిగ్గా ఆ రెండు కొసల దగ్గరే లైట్లు ఒకదానితో ఒకటి తేడా పడతాయి. చవకరకం ఎల్‌ఈడీలో 450 దగ్గర నీలం మోత మోగుతుంది, 650 దాటాక ముదురు ఎరుపు అడుగంటిపోతుంది. మీ బ్లౌజ్ గుడ్డలో ఉన్న రంగు ఆ ముదురు ఎరుపుని బాగా వెనక్కి పంపే రకం అయి ఉంటుంది. షాపులో ఆ భాగం వెలుగే లేదు కాబట్టి అది బయటపడలేదు. ఎండలో ఆ భాగం పుష్కలం, బ్లౌజ్ ఎర్రబడింది. నా అంచనా సరైతే, ఇంట్లో పాత పసుపు బల్బు ఉంటే దాని కింద ఇంకా ఎర్రబడాలి, చూడండి. నేవీ బ్లూ, ఊదా రంగుల్లో ఈ రోగం ఎక్కువ. బూడిద, గోధుమ, ఆలివ్ షేడ్లు కూడా ఏడిపిస్తాయి.

గీతలు వేరుగా ఎందుకున్నాయి అంటే, బట్టని బట్టి రంగు మందు మారుతుంది. పట్టుకి మామూలుగా యాసిడ్ రంగులు వాడతారు. నూలుకి రియాక్టివ్, వ్యాట్ రంగులు. పాలిస్టర్‌కి డిస్పర్స్ రంగులు తప్ప వేరేవి అంటవు. మ్యాచింగ్ సెంటర్లో ‘సిల్క్’ అని దొరికే వాటిలో చాలా భాగం పాలిస్టరే. పట్టుచీర మీద ఉన్న మందు, పాలిస్టర్ ముక్క మీద ఉన్న మందు అణువుల్లోనే వేరు, గీతలు ఒకటయ్యే ప్రసక్తే లేదు. గద్వాల చీరల వాళ్లకి ఈ కష్టం ఒక్క చీరలోనే ఎదురవుతుంది, నూలు ఒంటికి పట్టు అంచు కాబట్టి. ఒంటి రంగు, అంచు రంగు ఒకటే కావాలని ఎవరైనా ఆర్డరిస్తే రెండు వేర్వేరు మందులతో ఒకే షేడ్ తేవాలి. అందుకే అంచు వేరే రంగు పెట్టే పద్ధతే హాయి అని నాకనిపిస్తుంది. ఇంకో మాట: మీ చీర ధర్మవరం లాంటి డబుల్ షేడ్ చీర అయితే, అంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయితే, కదిపినప్పుడల్లా రంగు మారడం సహజం. అది కోణం వల్ల వచ్చేది, లైటు వల్ల కాదు. గుడ్డని ఒకే చోట కదలకుండా పెట్టి చూస్తే ఏది ఏమిటో తేలిపోతుంది.

మిల్లులో దీనికోసం లైట్ బాక్స్ ఉంటుంది. ముందు వైపు తెరిచి ఉన్న అల్మరా లాంటిది, లోపల గోడలన్నీ మెరుపు లేని బూడిద రంగు. పైన నాలుగైదు రకాల లైట్లు, కింద స్విచ్‌లు. పార్టీ ఇచ్చిన శాంపిల్, మేం అద్దిన ముక్క అంచులు ఒకదానికొకటి ఆనేలా పెట్టాలి. మధ్యలో వేలెడు సందు ఉన్నా తేడా తెలియదు, గీత కనిపించకుండా కలిస్తేనే పాస్. ముందు డీ65 అనే పగటి వెలుగు లైటు వేస్తాం, తర్వాత టీఎల్84 అనే షాపు ట్యూబ్‌లైటు, ఆ తర్వాత ఫిలమెంట్ బల్బు. స్విచ్ నొక్కిన క్షణంలో అప్పటిదాకా ఒకే గుడ్డలా ఉన్న ముక్కల మధ్య గీత పుట్టుకొస్తుంది, ఒకటి ఇటుక వైపు, ఇంకొకటి బచ్చలిపండు వైపు జరిగిపోతాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు బల్బు మార్చి మాయ చేశారనుకుంటారు. చివర్లో అల్ట్రావయొలెట్ లైటు కూడా వేస్తాం, మెరుపు మందు కలిసిన గుడ్డల్ని పట్టడానికి. తెల్ల పంచెల్లో, చొక్కాల్లో వాడే ఆ మందులు కనిపించని అల్ట్రావయొలెట్‌ని మింగి నీలం వెలుగు వదులుతాయి, అందుకే ఎండలో తెల్లచొక్కా పడిన వెలుగుకంటే ఎక్కువ తిప్పి పంపినట్టు తళతళలాడుతుంది. ఎల్‌ఈడీలో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు కాబట్టి అదే చొక్కా షాపులో కాస్త చప్పగా ఉంటుంది. పైన లైటు మారినా గీత మారదన్నానే, దానికి మినహాయింపు ఇలాంటి గుడ్డలే.

‘నిజమైన రంగు’ ఏది అంటే, వ్యాపారానికి ఒక ఒప్పందం ఉంది. సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ 1931లో ‘ప్రామాణిక పరిశీలకుడు’ అని ఒక లెక్కల మనిషిని తయారుచేసింది. ఇంగ్లండ్‌లో రైట్ 10 మంది మీద, గిల్డ్ 7గురి మీద చేసిన ప్రయోగాలే దానికి ఆధారం. ప్రపంచంలో రంగు కొలిచే మిషన్లలో ఎన్నో ఇప్పటికీ ఆ 17 మంది కళ్లతోనే చూస్తున్నాయన్నమాట. పగటి వెలుగుకి గుర్తుగా డీ65 పెట్టుకున్నారు. ఆ వెలుగులో ఆ లెక్కల మనిషికి ఎలా కనిపిస్తే అదే మా కాగితాల మీద రంగు. ఒప్పందం అంతే, ప్రకృతి సత్యమేం కాదు.

మీరు ఇంకో సందేహం కూడా పడాలి నిజానికి. లైటు మారితే ఇంత తేడా వస్తే, ఇంట్లో కూర, గోడలు, మనుషుల ముఖాలు పొద్దుకీ రాత్రికీ రంగు మారినట్టు ఎందుకు అనిపించదు? మెదడు లైటు రంగుని అంచనా వేసి, దాన్ని తీసేసి చూపిస్తుంది కాబట్టి. బల్బు కింద తెల్ల కాగితం నుంచి వచ్చే వెలుగు నిజంగానే పసుపు కలిసినది, అయినా తెల్లగానే చూస్తాం. ఆ అంచనా తప్పితే ఏమవుతుందో 2015 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. స్కాట్లండ్‌లో పెళ్లికూతురి తల్లి కట్టుకోబోయే గౌను ఫొటో ఒకటి నెట్‌లోకి వచ్చింది. కొందరికి నీలం, నలుపు, కొందరికి తెలుపు, బంగారు రంగు. అసలు గౌను నీలం, నలుపే. ఫొటోలో లైటు ఎటునుంచి, ఏ రంగుదో స్పష్టంగా లేదు. నీడలో ఉందనుకున్న మెదళ్లు నీలాన్ని తీసేసి తెలుపు చూపించాయి. ఈ సర్దుబాటు గదిలో ఉన్న వస్తువులన్నింటికీ కలిపి జరుగుతుంది గానీ, పక్కపక్కన పెట్టిన రెండు గుడ్డల మధ్య తేడాని అది చెరపలేదు. అందుకే ఒంటరిగా చూసినప్పుడు చీర బాగానే ఉంది, బ్లౌజూ బాగానే ఉంది, కలిపితేనే గొడవ.

పక్కనున్న రంగు ప్రభావం కూడా తక్కువేం కాదు. ప్యారిస్‌లో గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగం చూసిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నలుపు ఉన్ని దారాలకి నలుపు చాలడం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన వెతికితే లోపం అద్దకంలో లేదు, ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. 1839లో దీని మీద పెద్ద గ్రంథమే వేశాడు. మీ చీరకి జరీ అంచు వెడల్పుగా ఉంటే, ఆ పసుపు పక్కన ఊదా ఇంకాస్త నీలంగా తోస్తుంది. పోల్చేటప్పుడు అంచు మడిచేసి చూడండి.

మీ ఆయన విషయం. రెండో, మూడో రకం కోన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకి ఎక్స్ ఒక్కటే కాబట్టి అందులో తేడా ఉంటే సర్దుకోవడానికి రెండోది లేదు. యూరప్ సంతతి మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడాలో ఏదో ఒక లోపం ఉంటుంది, ఆడవాళ్లలో అర శాతం. అణుసిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కి ఈ లోపం ఉండేది, 1794లో తన చూపు గురించే వ్యాసం చదివాడు. తన కంట్లో ద్రవం నీలంగా ఉండి ఎరుపుని మింగేస్తోందని ఆయన నమ్మకం. చనిపోయాక కోసి చూడమన్నాడు, 1844లో చూస్తే ద్రవం నీళ్లలా తేటగా ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్కల డీఎన్‌ఏ 1995లో పరీక్షిస్తే రెండో రకం కోన్ జన్యువు లేదని తేలింది. అలాగని మీ ఆయనకి లోపం ఉందని నేననను. రంగుల మీద అలవాటైన కన్ను వేరు, ‘రెండూ వంకాయ రంగే కదా’ అనే కన్ను వేరు. అనుమానం ఉంటే కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా బొమ్మలు చూపిస్తారు, చుక్కల్లో అంకెలు చదవడమే, రెండు నిమిషాల పని. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. కంటి కటకం ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరిగి నీలాన్ని ఆపుతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు నీలాలు, తెలుపులు కొత్తగా కనిపిస్తున్నాయనడం అందుకే. కాబట్టి మ్యాచింగ్ చూడ్డానికి నానమ్మని కాకుండా మనవరాలిని తీసుకెళ్లండి.

ఇక ఏం చేయాలి. ముందు ఆ చీర ఎక్కడ, ఎప్పుడు కడతారో ఆలోచించండి. ముహూర్తం రాత్రి, ఫంక్షన్ హాల్లో, ఎల్‌ఈడీ లైట్ల కింద అయితే ఎండలో తేడా ఎవరికి కావాలి? హాల్ వాళ్లని అడిగి ఆ లైట్ల కిందే ఒకసారి చూసుకోండి. వీడియో వాళ్ల లైట్లు వేరే రకం ఉండొచ్చు, కెమెరాకి కూడా తనవైన మూడు ఫిల్టర్లుంటాయి, కంటికి కలిసినవి ఫొటోలో విడిపోవడం, విడిపోయినవి కలవడం రెండూ జరుగుతాయి. అందుకే వాట్సాప్‌లో ఫొటో పంపి ‘ఈ షేడ్ ఉందా’ అని అడగడం దండగ. పగటి పెళ్లి అయితే ఈ బ్లౌజ్ వద్దు. ఈసారి షాపుకి పట్టపగలు వెళ్లండి, ముక్కని గుమ్మం బయటికి తెచ్చి నీడ పట్టున, ఆకాశం వెలుగులో చూడండి. సాయంత్రం ఎండ ఎర్రది, దాన్ని నమ్మొద్దు. అక్కడా, లోపల లైటు కిందా రెండు చోట్లా కలిస్తేనే కోయించండి. పట్టుకి పట్టు ముక్కే అడిగితే సగం సమస్య అక్కడే పోతుంది. ఇంట్లో బల్బు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ (బల్బు రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సగటు మార్కు) 90 పైన ఉన్నది చూడండి. 80 ఉన్న బల్బు కూడా ముదురు ఎరుపు దగ్గర తుస్సుమనొచ్చు, ఎందుకంటే ఆ సగటు తీసే 8 నమూనా రంగుల్లో ముదురు ఎరుపు లేదు. నా సొంత అభిప్రాయం అడిగితే, కొద్దిలో తప్పిన మ్యాచింగ్ కంటే నిక్షేపంలాంటి కాంట్రాస్ట్ బ్లౌజ్ మేలు. వంకాయ రంగు మీద ఆవపువ్వు పసుపు ఏ లైటులోనూ పరువు తీయదు.

ముక్క కోయించేశారు కాబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకోకపోవచ్చు. దాన్ని మళ్లీ అద్దించాలనుకుంటే ముందు అది ఏ బట్టో తేల్చుకోండి. అంచు నుంచి రెండు దారాలు లాగి, చిమటాతో పట్టుకుని, సింక్ దగ్గర నిలబడి వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే పట్టు. అప్పుడు అద్దకం వాళ్లకి ఇవ్వొచ్చు, చీర చెంగు నుంచి నాలుగు పోగులు శాంపిల్‌గా ఇచ్చి, పగటి వెలుగులో చూసి తీసుకుంటానని ముందే చెప్పండి. కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. దానికి రంగు ఎక్కాలంటే 130 డిగ్రీల వేడి, మూత బిగించిన ప్రెషర్ మిషన్ కావాలి, వీధి చివర గంగాళంలో అద్దేవాళ్ల వల్ల కాదు, డబ్బులు పోసుకోకండి.